హరారేలో పుట్టినవాడు రాసిన యానాచెక్

చెక్ సంగీతం గురించి చలామణిలో ఉన్న మాటల్లో అన్నిటికన్నా మొండిది ఒకటుంది. ఆ సంగీతం బొహీమియా, మొరావియా మట్టిలోంచి పుట్టింది గనక ఆ మట్టి మీద పుట్టినవాడికే దాని మర్మం అందుతుందట. పైవాడు ఎన్నేళ్ళు చదివినా కాగితాలు పోగేస్తాడు, అంతే. మన సభల్లోనూ మన వాగ్గేయకారుల గురించి ఇదే ధోరణి వినపడుతూ ఉంటుంది కాబట్టి తెలుగు పాఠకుడికి ఇదేమీ కొత్త కాదు. దీనికి తోడు విశ్వవిద్యాలయాల లోపలి నుంచి ఇంకో గొణుగుడు. కోటి మంది మాట్లాడే భాష, ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఓ మూల నగరం, అక్కడ బతికిన ఒక్క స్వరకర్త. ఇంత చిన్న విషయానికి ఒక మనిషి నలభై ఏళ్ళు ఇచ్చేస్తే అదేం చదువు? మొదటివాళ్ళు లోపలికి రానివ్వరు. రెండోవాళ్ళు అసలు ఎందుకు వెళ్ళావని నిలదీస్తారు.

రెండు వాదనలకూ జవాబుగా సంగీత చరిత్రకారుడు జాన్ టిరెల్ పని చాలు. ఆయన 1942లో అప్పటి దక్షిణ రొడీషియాలోని సాలిస్‌బరీలో, ఇప్పటి హరారేలో పుట్టాడు. కేప్‌టౌన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో, బ్ర్నోలో చదివాడు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం, 2000 నుంచి కార్డిఫ్‌లో పనిచేశాడు. 2018లో చనిపోయాడు. పుట్టుకకు, పెంపకానికి, కొలువుకు చెక్ దేశంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఈ రోజు బ్ర్నో స్వరకర్త లియోష్ యానాచెక్ గురించి ఎవరు ఏం రాయాలన్నా, ‘యెనూఫా’ ఒపేరాను ఏ థియేటర్ వేదికెక్కించాలన్నా టిరెల్ పుస్తకాలు తెరవక తప్పదు. మట్టి సిద్ధాంతం నిజమే అయితే ఇది జరగకూడదు.

ఆ సిద్ధాంతానికి అచ్చమైన నమూనా ఎవరో ముందు చూద్దాం. జ్దెనెక్ నెయెద్లీ 1878లో లిటోమిష్ల్‌లో పుట్టాడు. స్వరకర్త స్మెతనా పుట్టింది కూడా ఆ చిన్న ఊళ్ళోనే, 1824లో. ఒకే ఊరు, ఒకే భాష, పైగా చరిత్రలోనూ సంగీతశాస్త్రంలోనూ పెద్ద చదువు. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? మరి ఆయన చేసిందేమిటి? చెక్ సంగీతానికి ఒకే ఒక్క సరైన దారి ఉందని, అది స్మెతనాది అని తీర్మానించాడు. ఆ దారిలో నడవనివాళ్ళందరినీ జాతి పేరిట బోనెక్కించాడు. అందరికన్నా ముందు బోనెక్కింది ద్వోర్జాక్. ప్రపంచమంతా చెక్ సంగీతం అనగానే తలుచుకునే మనిషి ఆయన దృష్టిలో దారి తప్పినవాడు. 1912లో ప్రాగ్ సంగీతకారులు ద్వోర్జాక్ పక్షాన బహిరంగంగా నిరసన ప్రకటన చేయాల్సినంత దూరం వెళ్ళింది ఆ గొడవ. 1916లో ‘యెనూఫా’ ప్రాగ్‌లో విజయం సాధిస్తే దాన్నీ చీల్చి చెండాడాడు. ఇదంతా ఒక విమర్శకుడి మొండితనం అనుకుని వదిలేయవచ్చు, ఆయన చేతికి అధికారం రాకపోయి ఉంటే. 1948 నుంచి 1953 దాకా కమ్యూనిస్టు ప్రభుత్వంలో నెయెద్లీయే విద్యామంత్రి. ఆయన అభిరుచి పాఠ్యపుస్తకమైంది.

స్మెతనా జీవితచరిత్రను ఆయన మొదట నాలుగు సంపుటాలుగా తెచ్చాడు, తర్వాతి ముద్రణలో అవే ఏడయ్యాయి. ఆ ఏడింటినీ చదివి ముగించేసరికి స్మెతనాకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండవు. ప్రసిద్ధమైన కృతి ఒక్కటీ పుట్టలేదు. మట్టి గురించి, ఊరి గురించి, పూర్వీకుల గురించి చెప్పడానికి అంత ఉన్నప్పుడు సంగీతం దాకా రావడం ఎవరికైనా కష్టమే.

పోనీ, ఈ భక్తి ఎవరి చుట్టూ అల్లుకుందో ఆ స్మెతనాను చూద్దాం. చదువంతా జర్మన్‌లో సాగింది. డైరీలు చాలాకాలం జర్మన్‌లోనే రాసుకున్నాడు. చెక్ వ్యాకరణాన్ని ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. 1881 జూన్ 11న ప్రాగ్ జాతీయ థియేటర్ తలుపులు తెరిచింది ఆయన ‘లిబుషె’ ఒపేరాతో. చెక్ జాతి పుట్టుకను పాడే ఆ ఒపేరాకు యోసెఫ్ వెంత్సిగ్ మాటలు రాసింది జర్మన్‌లో. దాన్ని ఎర్విన్ ష్పిండ్లర్ చెక్‌లోకి మార్చాడు. ‘దలిబోర్’ కథా అంతే. చెక్‌లో మాటకు ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. జర్మన్ ఛందస్సు కొలతలకు చెక్ మాటలు కూర్చడంతో ఆ ఒపేరాల్లో ఊనిక చాలాచోట్ల రావలసిన దగ్గర రాదు. దీన్ని స్మెతనా కాలపు చెక్ విమర్శకులే పట్టుకున్నారు. 1988లో వచ్చిన ‘చెక్ ఒపేరా’లో టిరెల్ ఈ విషయాన్ని తీరిగ్గా విడమరిచాడు. మాటలు రాసినవాళ్ళెవరు, ఛందస్సులెక్కడివి, థియేటర్లకు డబ్బు ఎటునుంచి వచ్చింది, ప్రేక్షకులెవరు అని అడుగుతూ పోయాడు. జాతి ఆత్మ అనే మాట లేకుండానే ఒక జాతి ఒపేరా ఎలా తయారైందో ఆ పుస్తకంలో తెలుస్తుంది. స్మెతనా విలువ ఇందువల్ల రవ్వంత తగ్గలేదు. పుట్టుకతో రాని భాషను కష్టపడి నేర్చుకుని దాంట్లో ఒపేరాలు రాసినవాడు నా లెక్కన ఇంకా పెద్దవాడు. తగ్గిందల్లా పుట్టుకతోనే అన్నీ వస్తాయన్న కథ.

అసలు మట్టే ప్రమాణమైతే గుస్తావ్ మాహ్లర్ సంగతేమిటి? బొహీమియాలోని కలిష్ట్యెలో పుట్టాడు, మొరావియాలోని యిహ్లావాలో పెరిగాడు. ఆయన్ను చెక్ స్వరకర్తల జాబితాలో చేర్చడానికి మట్టివాదులు ఎన్నడూ ఉత్సాహపడలేదు. మట్టి అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది వేరే ఏదో అని దీన్నిబట్టే తెలియడం లేదా?

‘యెనూఫా’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అసలు వ్యవహారమంతా అక్కడుంది. 1887లో యానాచెక్ బ్ర్నోలో ఒక చిన్న సంగీత పత్రిక నడుపుతూ, కరెల్ కొవర్జోవిత్స్ అనే యువ స్వరకర్త ఒపేరా ఒకదాన్ని వెక్కిరిస్తూ సమీక్ష రాశాడు. 1900కల్లా ఆ కొవర్జోవిత్సే ప్రాగ్ జాతీయ థియేటర్‌లో ఒపేరా విభాగానికి అధిపతి. 1903లో కూతురు ఓల్గా చనిపోయిన దుఃఖంలో యానాచెక్ ‘యెనూఫా’ పూర్తి చేసి ప్రాగ్‌కు పంపితే తిరిగొచ్చింది. 1904 జనవరి 21న బ్ర్నోలో మొదటి ప్రదర్శన జరిగింది. బ్ర్నో మెచ్చుకుంది గానీ రాజధాని తలుపు మరో పన్నెండేళ్ళు తెరుచుకోలేదు. మిత్రులు పట్టు వదలకుండా వెంటపడితే కొవర్జోవిత్స్ చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. కోతలు తాను కోస్తాడు, వాద్యవృంద రచనను తాను సవరిస్తాడు. అరవై దాటిన యానాచెక్ తలూపాడు. వేరే దారి లేదు. 1916 మే 26న ప్రాగ్‌లో ప్రదర్శన జయప్రదమైంది. మాక్స్ బ్రోడ్ జర్మన్ అనువాదంతో 1918లో వియన్నాకు, 1924లో ఎరిష్ క్లైబర్ చేతుల మీదుగా బెర్లిన్‌కు వెళ్ళింది. అంతటా వెళ్ళింది కొవర్జోవిత్స్ చెయ్యి పడ్డ ‘యెనూఫా’. యానాచెక్ పదును పెట్టిన చోట నునుపు, కరుగ్గా ఉంచిన చోట పట్టు. చివరి దృశ్యంలో హార్న్‌లు గంభీరంగా లేచి అందరినీ ఏడిపిస్తాయి. అవి యానాచెక్ రాసినవి కావు.

ఆరు దశాబ్దాలకు పైగా ప్రపంచం దాన్నే యానాచెక్ గొంతు అనుకుని వింది. ఆ గొంతు మార్చినవాడు ప్రాగ్‌వాడు, చెక్ మాతృభాషగా గలవాడు, జాతీయ థియేటర్ పెద్ద. అసలు గొంతు వెతికినవాళ్ళు ఎవరు? ఒకరు 1947లో ప్రాగ్ వెళ్ళి వాత్స్లావ్ తలిఖ్ దగ్గర నేర్చుకున్న సంగీత నిర్వాహకుడు చార్లెస్ మెకెరస్. ఆస్ట్రేలియాలో పెరిగినవాడు. రెండోవాడు రొడీషియాలో పుట్టిన టిరెల్. బ్ర్నో థియేటర్ వాడిన పాత ప్రతులు, 1908లో అచ్చయిన పియానో పాఠం, చేతిరాత సవరణలు దగ్గర పెట్టుకుని, ఏ గీత ఎవరిది, ఎప్పటిది అని తేల్చుకుంటూ వెళ్ళారు. మెకెరస్ 1982లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ ఆ దారిలో పెద్ద మలుపు. ఇద్దరూ కలిసి పరిష్కరించిన పాఠం 1996లో అచ్చయింది. ఆ 1982 రికార్డింగ్‌లో కొవర్జోవిత్స్ ముగింపును కూడా అనుబంధంగా చేర్చారు, రెండూ విని తేడా ఎవరికి వారే తేల్చుకొమ్మని. కొవర్జోవిత్స్‌ను దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆయన సవరణ లేకపోతే 1916లో ఆ తెర లేచేది కాదేమో. ఒక తరం వినికిడికి తగ్గట్టు సర్దినవాడు, అంతవరకు ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆ సర్దుబాటుకు మట్టి వాసన అని పేరు పెట్టి ఆరు దశాబ్దాలు పూజ చేయడం వేరే సంగతి.

‘మృతుల ఇంటి నుంచి’ కథ ఇంకా విచిత్రం. 1928 ఆగస్టు 12న ఓస్ట్రావాలో యానాచెక్ చనిపోయాడు. దస్తయేవ్‌స్కీ జైలు పుస్తకం ఆధారంగా రాసిన ఈ ఒపేరా ఆయన మేజా మీద మిగిలింది. వాద్యాలు చాలా తక్కువ, స్వరాల మధ్య ఖాళీలు. చూసిన శిష్యులు బకలా, ఖ్లుబ్నా ఇది సగంలో ఆగిపోయిన పని అనుకున్నారు. ఖాళీలు నింపారు, వాద్యాలు చేర్చారు, చీకటిగా ముగిసే కథకు ఆశావహమైన చివర తగిలించారు. 1930లో బ్ర్నోలో అలాగే వేశారు. ప్రేమతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. గురువు పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు, ఆయన ఊరివాళ్ళు, ఆయన మాట తెలిసినవాళ్ళు. కంచే చేను మేసింది. ఆ ఖాళీలు యానాచెక్ కావాలని వదిలినవే అని తేలడానికి చాలాకాలం పట్టింది. 2017లో వెల్ష్ నేషనల్ ఒపేరా ఈ కృతిని టిరెల్ పరిష్కరించిన పాఠంతో వేసింది. ఆయన చనిపోవడానికి అది ఏడాది ముందు.

ఇక్కడ ఎదుటివాళ్ళు తమ దగ్గరున్న బలమైన వాదన తీస్తారు. యానాచెక్ అందరిలాంటి స్వరకర్త కాదు, మాటల్లోని రాగాన్ని పట్టినవాడు. సంతలో, రైలు స్టేషన్‌లో, వీధిలో మనుషుల పలకరింపులను సంగీత లిపిలో రాసుకుంటూ తిరిగాడు. చనిపోతున్న కూతురి నోటి మాటలను కూడా రాసుకున్నాడు. ఆ మొరావియా మాట చెవికి సహజంగా ఎక్కనివాడికి ఆయన సంగీతం ఎలా ఎక్కుతుంది? వినడానికి బాగుంది. కానీ యానాచెక్ తన చెవికి ఎప్పుడూ సరిహద్దు పెట్టుకోలేదు. కోళ్ళ కూతలు, కుక్కల అరుపులు రాసుకున్నాడు. 1921లో రవీంద్రనాథ్ ఠాగూర్ ప్రాగ్ వచ్చి ప్రసంగిస్తే వెళ్ళి కూర్చున్నాడు. తనకు రాని భాషలో సాగిన ఆ ప్రసంగం ఎత్తుపల్లాలను స్వరాలుగా రాసుకుని పత్రికలో వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది ఠాగూర్ కవిత ఒకదాన్ని చెక్ అనువాదంలో తీసుకుని పురుషుల బృందగానంగా కట్టాడు. బెంగాలీ మట్టిలో పుట్టలేదు గనక ఠాగూర్ తనకు అందడని ఆయన అనుకోలేదు. ఆయన పేరు చెప్పి పైవాళ్ళకు గేటు వేసేవాళ్ళు ఆయన్నే ఆ గేటు బయట నిలబెడుతున్నారు.

పైగా మాటల రాగాలను ఒపేరాల్లో ఉన్నవి ఉన్నట్టు దించానన్న అభిప్రాయాన్ని యానాచెక్ స్వయంగా ఖండించాడు. అవి ఆయనకు సాధన, మనుషుల్ని గమనించే పద్ధతి. ఈ తేడా తెలియాలంటే ఆయన వ్యాసాలు, ఉత్తరాలు చదవాలి. మాతృభాషలో అవి దొరుకుతున్నా చదవనివాడికన్నా, పెద్దయ్యాక వ్యాకరణం నుంచి మొదలుపెట్టి వాటిని చదివినవాడు యానాచెక్‌కు దగ్గరగా ఉన్నాడని ఒప్పుకోవడానికి ఎవరికి ఇబ్బంది?

ఇరుకు చదువు అన్న రెండో ఫిర్యాదుకు ఇంత జవాబు అక్కర్లేదు. టిరెల్ రాసిన యానాచెక్ జీవితచరిత్ర రెండు సంపుటాలు, 2006లో ఒకటి, 2007లో ఒకటి, కలిపి దాదాపు 2000 పేజీలు. ఒక్కో సంవత్సరానికి ఒక్కో అధ్యాయం. మధ్యమధ్య విడి వ్యాసాలు. యానాచెక్ జీతం ఎంత, ఒపేరాలు ఆయనకు ఏం సంపాదించి పెట్టాయి, రష్యా మీద ఆ మోజు ఎందుకు, సెలవులు ఎక్కడ గడిపాడు. ఆయన జబ్బుల గురించి రాయడానికి బ్రిటిష్ మెడికల్ జర్నల్ మాజీ సంపాదకుడు స్టీఫెన్ లాక్‌ను పిలిచారు. ఇవన్నీ చదువుతుంటే ఒక సామ్రాజ్యం కూలి ఒక గణతంత్రం పుట్టడం, జర్మన్, చెక్ భాషల మధ్య ఒక నగరం చీలి బతకడం, ఒక బడిపంతులు కొడుకు సంగీతంతో పొట్టపోసుకోవడానికి పడ్డ పాట్లు, అరవై దాటాక హఠాత్తుగా వచ్చిపడ్డ కీర్తి కళ్ళకు కడతాయి. ఇది ఇరుకా? ఈ ‘ఇరుకు’ మనిషినే న్యూ గ్రోవ్ సంగీత నిఘంటువు రెండో ముద్రణకు కార్యనిర్వాహక సంపాదకుడిగా పెట్టుకున్నారు. 2001లో వచ్చిన ఆ 29 సంపుటాల్లో ప్రపంచ సంగీతమంతా ఉంది. ఒక మనిషి ఉత్తరాల్లో తేదీ తప్పును పట్టడం నేర్చినవాడే వేలమంది రాసిన వ్యాసాల్లోనూ తప్పు పట్టగలడని ఆ నిఘంటువు వాళ్ళకు తెలిసిన సంగతి విశ్వవిద్యాలయాల లెక్కలవాళ్ళకు ఇంకా తెలియలేదు.

నాకు ఆ జీవితచరిత్ర మీద ఫిర్యాదు లేదని కాదు. సంవత్సరం వెంట సంవత్సరం నడిచే పద్ధతిలో పాఠకుడు చాలాచోట్ల మునిగిపోతాడు. ఒక వారంలో వచ్చిన ఉత్తరాలన్నిటికీ ఒకే బరువు ఇస్తే ఏది మలుపో, ఏది మామూలు రోజో తెలియదు. సంగీతం లోపలికి వెళ్ళి విప్పి చూపించాల్సిన చోట చరిత్రకారుడు తేదీలు చెప్పి పక్కకు తప్పుకున్నాడని అనిపించిన పేజీలు ఉన్నాయి. కానీ ఈ లోపాలు రచనా పద్ధతివి. బ్ర్నోలో పుట్టినవాడు ఇదే పద్ధతిలో రాస్తే ఇవే లోపాలు ఉండేవి.

మరో రకం అభిమానులున్నారు, వీళ్ళు పైవాణ్ణి రానిస్తారు గానీ రాయబారి వేషంలో రానిస్తారు. చిన్న దేశం సంగీతాన్ని పెద్ద లోకానికి పరిచయం చేసిన మిత్రుడు అని శాలువా కప్పుతారు. చరిత్రకారుడికి ఇంతకు మించిన అవమానం ఉండదు. అమెరికాలో చెక్ సంగీతం మీద పనిచేసిన మైఖేల్ బెకర్‌మన్‌ను తీసుకోండి. చెక్ సంగీతంలో ఆ ‘చెక్‌తనం’ ఎక్కడుందని 1986లో ఒక వ్యాసంలో నేరుగా అడిగాడు. స్వరాల్లో, లయల్లో వెతికితే అది చేతికి చిక్కదనీ, వినేవాళ్ళూ రాసేవాళ్ళూ అందులో పోసిన అర్థాలను కూడా లెక్కలోకి తీసుకోవాలనీ వాదించాడు. మిత్రుడు అడిగే ప్రశ్న కాదది. ద్వోర్జాక్ న్యూయార్క్‌లో ఉండగా 1893 మేలో హెరాల్డ్ పత్రికలో నల్లజాతి పాటల గురించి ఆయన అన్నట్టుగా అచ్చయిన ప్రసిద్ధమైన మాటల వెనక, జేమ్స్ క్రీల్‌మన్ అనే పత్రికా రచయిత చెయ్యి ఎంతుందో తవ్వినవాడూ బెకర్‌మనే. గిడియన్ క్లైన్ తెరెజీన్ నిర్బంధ శిబిరంలో 1944లో రాసిన తీగవాద్య త్రయాన్ని ఏళ్ళ తరబడి వినిపించుకున్నాడు, వినిపించాడు. ఆ త్రయం నడిమి భాగం మొరావియా జానపద గీతం మీద అల్లినది. రాసినవాడు మొరావియా యూదు యువకుడు. అది ముగిసిన కొద్ది రోజులకే ఆయన్ను ఆష్విట్జ్‌కు తరలించారు. నేల, రక్తం, జాతి ఆత్మ అనే కొలతలతో క్లైన్‌ను ఎక్కడ కూర్చోబెడతారో మట్టివాదులే చెప్పాలి.

ఇంతకీ చెక్ పండితుల పని తక్కువని నా వాదన అనుకునేవాళ్ళకు ఒక మాట. టిరెల్ ఒంటరిగా ఏదీ చేయలేదు. తాను ఆరాధించిన కమిలా స్టోస్లోవాకు యానాచెక్ రాసిన ఏడు వందల పైచిలుకు ఉత్తరాలను 1990లో చెక్‌లో అచ్చువేసింది స్వతవా ప్రిబాన్యోవా. ఆ పని మీద నిలబడే 1994లో టిరెల్ ఇంగ్లీషు సంపుటం వచ్చింది. 1997లో వచ్చిన యానాచెక్ కృతుల సూచికలో నైజెల్ సిమియన్‌తో పాటు బ్ర్నోకు చెందిన అలెనా న్యెమ్‌త్సోవా పేరుంది. భర్త కమిలాకు రాసిన ఉత్తరాలు ప్రపంచం చదువుతుంటే, భార్య జ్దెంకా చెప్పుకున్న జ్ఞాపకాలను 1998లో ఇంగ్లీషులోకి తెచ్చి ఆ రెండో వైపు కూడా వినిపించాడు టిరెల్. బ్ర్నో మసరిక్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంటే అసలు పని జరిగే చోట ఈ లోపలివాడు, బయటివాడు పంచాయితీ లేదు. అది సభల్లోనూ సంపాదకీయాల్లోనూ ఉంది.

వీళ్ళందరికన్నా ముందు బ్ర్నోలో యానాచెక్ కాగితాలను భద్రపరిచి, ఆయన మీద పద్ధతిగా పరిశోధన మొదలుపెట్టినవాడు వ్లదిమీర్ హెల్ఫెర్ట్. బొహీమియాలో పుట్టిన చెక్ పండితుడు. యానాచెక్ సంగీతం మీద మొదట్లో తనకే పెద్ద నమ్మకం లేదు. చదువుతూ చదువుతూ అభిప్రాయం మార్చుకున్నాడు. నెయెద్లీ శిబిరంలో పెరిగి అందులోంచి బయటికి నడిచాడు. యానాచెక్ జీవితచరిత్రను పెద్ద ఎత్తున తలపెట్టాడు. మొదటి సంపుటం 1939లో వచ్చింది. అదే ఏడాది నాజీలు ఆయన్ను అరెస్టు చేశారు, విడిచిపెట్టారు, మళ్ళీ పట్టుకున్నారు. తెరెజీన్‌లో టైఫస్ సోకి, విడుదలైన కొద్ది రోజులకే 1945 మేలో ప్రాగ్‌లో చనిపోయాడు. రెండో సంపుటం రాలేదు. ఆ పనిని పాత్రికేయులు, సంగీత నిర్వాహకులు, బ్ర్నో పండితులు తలా కొంత నడిపించారు. టిరెల్ అందుకున్నది వాళ్ళ దగ్గర నుంచే. హెల్ఫెర్ట్‌కు వారసుడెవరని మట్టివాదులు తేల్చాలనుకుంటే జన్మపత్రికలు పక్కన పెట్టి, ఆయన పోగుచేసిన ఆ కాగితాలను ఎవరు చివరిదాకా చదివారో చూడాలి.